అరుదైన జబ్బుల చిట్టా: విక్టర్ మెక్యూసిక్, వైద్య జన్యుశాస్త్రం

వైద్య విద్యార్థిగా ఉన్న రోజుల్లో, రోగి వివరాలు రాసుకునే కాగితం మీద ‘కుటుంబ చరిత్ర’ అన్న శీర్షిక కింద మేమంతా అలవాటుగా రాసే వాక్యం ఒకటుండేది: “చెప్పుకోదగ్గదేమీ లేదు.” ఓపీలో ఒక్కొక్క రోగికి దొరికే నాలుగైదు నిమిషాల్లో అంతకన్నా అడిగే వ్యవధి ఉండేది కాదు. అడిగినా చెప్పేవాళ్ళు తక్కువ.

మా అమ్మమ్మకు మాత్రం ఏ ఊరి పిల్లను ఏ ఇంటికిచ్చారో, ఎవరు ఎవరికి మేనత్త కొడుకో, నాలుగైదు తరాల దాకా నోటికి వచ్చేది. ఆ లెక్కలో ఆమె దాటవేసే పేర్లు కూడా ఉండేవి. ఏడాది నిండకుండా పోయిన పిల్లలు, పెళ్ళి లేకుండా ఇంటి వెనక గదిలోనే బతుకు వెళ్ళదీసిన ఒక తమ్ముడు. వాళ్ళ సంగతి అడిగితే “ఇప్పుడవన్నీ ఎందుకు నాయనా” అనేది. ఆ మౌనానికి కారణం నాకు చాలా ఏళ్ళ తరవాత గాని తెలియలేదు. ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్లలు ఉండేవారు. మాట బయటకు పొక్కితే సంబంధాలు రావు.

డాక్టరు రాసుకోని సంగతి, ఇంటివాళ్ళు చెప్పని సంగతి: ఈ రెండింటి మధ్య ఎంత వైద్యం మరుగున పడి ఉందో నాకు తెలిసివచ్చింది విక్టర్ మెక్యూసిక్ అనే అమెరికన్ వైద్యుడి జీవితం చదివినప్పుడు. ఆయనను వైద్య జన్యుశాస్త్రానికి పితామహుడంటారు. ఆయన మొదలుపెట్టిన జబ్బుల చిట్టాను ఈనాటికీ ప్రపంచమంతటా వైద్యులు రోజూ తెరిచి చూస్తారు. ఆ చిట్టా నిలబడింది కుటుంబాలు నమ్మి చెప్పిన మాటల మీద. ఆ నమ్మకం విలువ మెక్యూసిక్‌కు బాగా తెలుసు. ఒక సందర్భంలో దాన్ని నిలుపుకోలేకపోయిందీ ఆయన బృందమే. ఈ వ్యాసంలో ఆ రెండు కథలూ చెబుతాను.

పాల రైతు కొడుకు

విక్టర్ మెక్యూసిక్ 1921 అక్టోబరు 21న అమెరికా ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో, పార్క్‌మన్ అనే పల్లెలో పుట్టాడు. ఆయన, విన్సెంట్ సమరూప కవలలు. ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన తల్లిదండ్రులు తరవాత పాడి పెట్టుకుని సేద్యంలో స్థిరపడ్డారు. పిల్లల చదువు ఒకే ఒక్క గది ఉన్న పల్లె బడిలో మొదలైంది.

విన్సెంట్ న్యాయశాస్త్రం చదివి, తమ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. జన్యువులు ఒకటే, ఇల్లు ఒకటే, బడి ఒకటే అయిన ఇద్దరి దారులు వేరుపడటానికి ఒక సూక్ష్మజీవి కారణం. 1937 వేసవిలో విక్టర్‌కు చంకలో పెద్ద గడ్డ లేచింది. అది స్ట్రెప్టోకాకస్ జాతి క్రిమి వల్ల వచ్చింది. ఊళ్ళో వైద్యానికి లొంగలేదు. పెన్సిలిన్ ఇంకా వాడుకలోకి రాని కాలమది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి తీసుకుపోయారు. అప్పుడప్పుడే వచ్చిన సల్ఫా మందుతో పుండు మానింది. ఆ వేసవిలో సుమారు పది వారాలు ఆసుపత్రుల్లోనే గడిచాయి. పదిహేనేళ్ళ కుర్రవాడు మంచం మీది నుంచి వైద్యుల రాకపోకలు చూస్తూ తానూ డాక్టరు కావాలనుకున్నాడు.

టఫ్ట్స్ కళాశాలలో చదువుతుండగా రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. యుద్ధకాలంలో సీట్లు నింపుకోవడానికి జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల డిగ్రీ పూర్తికాని విద్యార్థులను కూడా చేర్చుకుంది. అలా 1943లో బాల్టిమోర్ చేరిన మెక్యూసిక్, 1946లో ఎం.డి. పట్టా పుచ్చుకుని, జీవితాంతం ఆ సంస్థలోనే ఉండిపోయాడు.

పెదవి మీది మచ్చలు

మెక్యూసిక్ మొదట ఎంచుకున్నది గుండెజబ్బుల శాఖ. గుండె చప్పుళ్ళను యంత్రం మీద బొమ్మగా గీయించి చదివే పద్ధతి మీద పనిచేసి పేరు తెచ్చుకున్నాడు. 1958లో ఆ విషయం మీద ఒక పెద్ద గ్రంథమే రాశాడు. అయితే అప్పటికి పదేళ్ళ ముందే ఒక రోగి ఆయనను మరో దారికి మళ్ళించాడు.

1947లో, హౌస్‌సర్జన్ వయసులో ఉండగా, చిన్నపేగులో బుడిపెలు లేచిన ఒక కుర్రవాడు ఆసుపత్రిలో చేరాడు. అతని పెదవుల మీద, నోటి లోపల నల్లని చుక్కల్లాంటి మచ్చలున్నాయి. కొద్ది కాలంలోనే మెక్యూసిక్‌కు అలాంటి రోగులు మరికొందరు తారసపడ్డారు. వారిలో ముగ్గురు ఒకే కుటుంబం వాళ్ళు. బోస్టన్‌లో హెరాల్డ్ జెగర్స్ అనే వైద్యుడి దగ్గర కూడా ఇలాంటి కేసులున్నాయని తెలిసింది. ఇద్దరూ కలిసి మొత్తం పదిమంది వివరాలు 1949లో ప్రచురించారు. అంతకు చాలా ముందే దీన్ని గుర్తించిన డచ్చి వైద్యుడి పేరు కూడా కలిపి ఈ జబ్బును ప్యూట్జ్–జెగర్స్ సిండ్రోమ్ అంటున్నాం.

పెదవి మీద మచ్చకూ పేగులో బుడిపెకూ సంబంధమేమిటి? పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులు కలిసి సంక్రమిస్తున్నాయా, లేక ఒకే జన్యువు రెండు చోట్లా తన ప్రభావం చూపిస్తోందా? హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలోనే ఉన్న జన్యుశాస్త్రవేత్త బెంట్లీ గ్లాస్‌ను అడిగితే, జన్యువు ఒకటే అయి ఉంటుందన్నాడు. అది నిజమని తేలడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. 1998లో 19వ క్రోమోజోమ్ మీద ఆ జన్యువు దొరికింది.

శరీరంలో దూరదూరంగా కనిపించే లక్షణాలను ఒకే మూలానికి ముడిపెట్టే ఈ చూపు మెక్యూసిక్‌కు మార్ఫాన్ సిండ్రోమ్ విషయంలో ఇంకా పదునెక్కింది. ఈ రోగులు సన్నగా, పొడుగ్గా ఉంటారు. వేళ్ళు సాగినట్లుంటాయి. కంటి కటకం స్థానం తప్పుతుంది. వీటికోసం ఎవరూ గుండె డాక్టరు దగ్గరకు రారు. కాని గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని గోడ క్రమంగా ఉబ్బి, నడివయసులోనే చిట్లి ప్రాణం తీస్తుంది. ఎముకల డాక్టరు ఎముకలు చూశాడు, కంటి డాక్టరు కన్ను చూశాడు. మెక్యూసిక్ రోగిని, అతని అన్నదమ్ములను, తల్లిదండ్రులను వరసగా నిలబెట్టి చూశాడు. శరీర భాగాలన్నిటినీ పట్టి ఉంచే సంయోజక కణజాలంలోనే ఏదో ఒక్క లోపం ఉండి ఉంటుందని ఊహించాడు. 1956లో వచ్చిన ఆయన గ్రంథం సంయోజక కణజాలపు వంశపారంపర్య వ్యాధులన్నిటినీ ఒకచోట చేర్చింది. 1991లో హాప్కిన్స్ వైద్యుడు హాల్ డీట్జ్, ఆయన సహచరులు ఫిబ్రిలిన్ అనే ప్రోటీన్ జన్యువులో ఆ లోపాన్ని పట్టుకున్నారు. ఈనాడు మార్ఫాన్ రోగి బృహద్ధమనిని ఏటా కొలిచి చూసి, ప్రమాదపు హద్దు దాటకముందే శస్త్రచికిత్స చేస్తున్నాం. ఆ రోగి తోబుట్టువులను పిలిచి పరీక్షించడం కూడా చికిత్సలో భాగమే.

మూర్ క్లినిక్

1957 జూలై 1న మెక్యూసిక్ హాప్కిన్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగాన్ని ప్రారంభించాడు. దానికి చోటు దొరికింది మూర్ క్లినిక్‌లో. అది ఒకప్పుడు సిఫిలిస్ రోగుల కోసం పెట్టిన క్లినిక్. పెన్సిలిన్ వచ్చి సిఫిలిస్‌ను అదుపు చేశాక దీర్ఘవ్యాధుల క్లినిక్‌గా మారింది. ఒక అంటురోగం ఖాళీ చేసిన గదుల్లోకి వంశపారంపర్య రోగాల వైద్యం వచ్చి చేరింది.

గుండెజబ్బుల్లో అంత పేరున్నవాడు దాన్ని వదిలి ఎక్కడో లక్షమందిలో ఒకరికి వచ్చే జబ్బుల వెంట పడటం చూసి, చేతులారా భవిష్యత్తు పాడుచేసుకుంటున్నాడని తోటి వైద్యులు అనుకున్నారట. ఈ సంగతి మెక్యూసిక్ తరవాతి రోజుల్లో నవ్వుతూ చెప్పుకునేవాడు.

వాళ్ళ సందేహానికి కారణాలు లేకపోలేదు. మనిషి కణంలో క్రోమోజోములు 46 అని సరిగ్గా లెక్క తేలింది 1956లోనే. అప్పటిదాకా 48 అని పాఠ్యపుస్తకాల్లో చదివేవారు. డౌన్ సిండ్రోమ్‌కు కారణం ఒక క్రోమోజోమ్ ఎక్కువ ఉండటమని తెలిసింది 1959లో. అంటే 1957 నాటికి వైద్యుడి చేతిలో జన్యుశాస్త్రం పెట్టిన పనిముట్టంటూ ఏదీ లేదు. వంశవృక్షం గీసుకోవడానికి కాగితం, పెన్సిలు మాత్రం ఉన్నాయి.

మరొక కారణం ఇంకా లోతైనది. మానవ జన్యుశాస్త్రం పేరు చెడిపోయి ఉన్న కాలమది. మంచి వంశం, చెడ్డ వంశం అని మనుషులను వేరుచేసే సిద్ధాంతం పేరు మీద అమెరికాలోనే అనేక రాష్ట్రాలు ‘మందబుద్ధులు’ అని ముద్ర వేసినవారికి బలవంతంగా సంతాననిరోధ శస్త్రచికిత్సలు చేయించాయి. 1927లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తరవాత నాజీ జర్మనీలో జరిగింది అందరికీ తెలుసు. కుటుంబాల వివరాలు సేకరించడం అంటే అనుమానంగా చూసే రోజుల్లో, అదే పనిని రోగి పక్షాన నిలబడి చేయాలన్నది మెక్యూసిక్ పూనుకున్న పని. సియాటిల్‌లో ఆర్నో మోటుల్‌స్కీ కూడా సరిగ్గా ఆ ఏడాదే ఇలాంటి విభాగాన్ని ప్రారంభించాడు. 1960 నుంచి మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో, ఎలుకల జన్యుశాస్త్రానికి పేరుపొందిన జాక్సన్ ప్రయోగశాలలో, మెక్యూసిక్ ఏటా వేసవిలో వైద్యులకోసం పాఠాలు ఏర్పాటు చేశాడు. వైద్య జన్యుశాస్త్రం నేర్చుకున్న తరాలెన్నో ఆ తరగతుల్లోంచి వచ్చాయి.

అమిష్ ఇళ్ళల్లో

1960ల మొదట్లో ఒక మందుల కంపెనీ పత్రికలో, పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీలో వైద్యం చేసే పల్లెటూరి డాక్టరు డేవిడ్ క్రూసెన్ గురించి వచ్చిన వ్యాసం మెక్యూసిక్ కంటపడింది. తన రోగుల్లో అమిష్ మతస్థులలో పొట్టివాళ్ళు ఎక్కువగా ఉన్నారని ఆ డాక్టరు అన్నాడు. దాదాపు అదే సమయంలో అమిష్ సమాజం గురించి జాన్ హాస్టెట్లర్ రాసిన పుస్తకపు వ్రాతప్రతి మెక్యూసిక్ చేతికి వచ్చింది. హాస్టెట్లర్ అమిష్ కుటుంబంలో పుట్టి పెరిగినవాడు.

అమిష్‌లు పద్దెనిమిదో శతాబ్దంలో స్విట్జర్లాండ్, జర్మనీ ప్రాంతాల నుంచి వలస వచ్చిన క్రైస్తవులు. గుర్రపు బళ్ళలో తిరుగుతారు, సేద్యం చేసుకుంటారు, పెళ్ళిళ్ళు తమలో తాము చేసుకుంటారు. కుటుంబానికి ఆరేడుగురు పిల్లలు మామూలు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్ళు తమ వంశావళులను అచ్చువేసి ఇంట్లో పెట్టుకుంటారు. ఎవరు ఎవరి సంతానమో వలస వచ్చిన మొదటి మనిషి దాకా వెనక్కి నడిచి చూసుకోవచ్చు.

మెక్యూసిక్, ఆయన సహచరులు ఇంటింటికీ వెళ్ళారు. రోగులను ఇళ్ళల్లోనే చూసి, పెద్దవాళ్ళతో కూర్చుని వివరాలు రాసుకున్నారు. మొదట ఒకే రకం మరుగుజ్జుతనం అనుకున్నది నిజానికి వేరువేరు జబ్బులని తేలింది. వాటిలో ఒకటి ఎల్లిస్–వాన్ క్రెవెల్డ్ సిండ్రోమ్. ఆ పిల్లలకు పొట్టి కాళ్ళుచేతులతో పాటు చేతికి ఆరేసి వేళ్ళుంటాయి, చాలామందికి గుండెలో లోపముంటుంది. 1964లో మెక్యూసిక్ బృందం లాంకస్టర్ అమిష్‌లలో 52 కేసులను వర్ణించింది. అంతవరకు ప్రపంచ వైద్య సాహిత్యం మొత్తంలో నమోదైన కేసులు కూడా దాదాపు అన్నే. ఆ బిడ్డలందరి వంశాలూ వెనక్కి పోయి ఒకే దంపతుల దగ్గర కలుస్తాయి: 1744లో వలస వచ్చిన సామ్యూల్ కింగ్, ఆయన భార్య.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి. మా తెలుగు మీడియం జీవశాస్త్ర పుస్తకంలో మెండెల్ బఠానీల పాఠంలో ‘బహిర్గతం’, ‘అంతర్గతం’ అని రెండు మాటలుండేవి. ఎల్లిస్–వాన్ క్రెవెల్డ్ అంతర్గత లక్షణం. లోపమున్న ప్రతి ఒక్కటే ఉన్న మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు. అలాంటి ఇద్దరు పెళ్ళిచేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు ప్రతులూ లోపంతో అందే అవకాశం నాలుగింట ఒక వంతు. కింగ్ దంపతుల్లో ఒకరు మోసుకొచ్చిన ఆ ఒక్క ప్రతి, సమాజం బయటకు పోకుండా, తరతరాలుగా మనుమలకూ మునిమనుమలకూ పంచబడింది. ఏడెనిమిది తరాల తరవాత ఇద్దరు దూరపు బంధువులు, బంధుత్వమే గుర్తులేనివాళ్ళు, పెళ్ళి చేసుకున్నప్పుడు ఆ రెండు ప్రతులూ కలుసుకున్నాయి. జన్యుశాస్త్రంలో దీన్ని మూలపురుష ప్రభావం అనవచ్చు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఏ వంశంలోనైనా ఇలాంటి ప్రతులుంటాయి. సమాజం చిన్నదై, గిరి గీసుకుని ఉన్నప్పుడు అవి ఒకదానికొకటి ఎదురుపడతాయి.

అమిష్‌ల నుంచి వైద్యశాస్త్రం తీసుకున్నదానికి ప్రతిగా వాళ్ళకేం ముట్టింది? మొదటి పాతికేళ్ళలో పెద్దగా ఏమీ ముట్టలేదనే చెప్పాలి. పేర్లు పెట్టగలిగాం గాని మందు లేదు. 1989లో హోమ్స్ మోర్టన్ అనే వైద్యుడు లాంకస్టర్ కౌంటీలోనే వంశపారంపర్య రోగాలున్న పిల్లలకోసం ఒక క్లినిక్ స్థాపించాడు. ఆ భవనాన్ని అమిష్, మెనొనైట్ రైతులు స్వయంగా నిలబెట్టారు. పుట్టిన వెంటనే లోపం కనిపెట్టి, ఆహారం మార్చి, కొన్ని జబ్బుల్లో మెదడు దెబ్బతినకుండా కాపాడటం అక్కడ సాధ్యమైంది. మెక్యూసిక్ గీసిన వంశవృక్షాల ఫలం రోగుల ఇంటికి చేరింది అప్పుడే.

చిట్టా

మెక్యూసిక్‌కు చిట్టా రాసే అలవాటు మొదటి నుంచీ ఉంది. 1962లో ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా సంక్రమించే లక్షణాలన్నిటినీ ఒక జాబితాగా వేశాడు. తరవాత బహిర్గత, అంతర్గత లక్షణాలను చేర్చాడు. 1964 నుంచి దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాడు. వైద్యులకు కంప్యూటరు అంటే ఏమిటో తెలియని కాలమది. 1966లో ‘మెండీలియన్ ఇన్‌హెరిటెన్స్ ఇన్ మ్యాన్’ అనే పేరుతో మొదటి ముద్రణ వచ్చినప్పుడు అందులో 1,487 పద్దులున్నాయి. 1998 నాటి పన్నెండో ముద్రణే కాగితం మీద చివరిది. అప్పటికది మూడు సంపుటాలైంది. 1987లోనే కంప్యూటర్ నెట్‌వర్కు మీద అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు దాన్ని ఓమిమ్ అంటున్నాం. పద్దులు పాతికవేలు దాటాయి.

ప్రతి పద్దుకూ ఆరంకెల సంఖ్య ఉంటుంది. మొదటి అంకె చూస్తేనే ఎలా సంక్రమిస్తుందో తెలిసిపోయేలా ఆయన ఏర్పాటు చేశాడు. ఒకటితో మొదలైతే బహిర్గతం: మార్ఫాన్ 154700. రెండుతో మొదలైతే అంతర్గతం: ఎల్లిస్–వాన్ క్రెవెల్డ్ 225500. మూడు అంటే ఎక్స్ క్రోమోజోమ్: హీమోఫిలియా–ఎ 306700. సంఖ్య కింద ఆ జబ్బును ఎవరు ఎప్పుడు ఏ కుటుంబంలో చూశారో వరసగా వచనంలో ఉంటుంది. పద్దు తెరిస్తే ముందు కనబడేది ఎక్కడో ఒక ఊళ్ళో ఒక తల్లి, ఇద్దరు కొడుకులు, ఆ తల్లి సోదరుడు. ఏ రోగికి పేరు దొరకని జబ్బు ఉన్నా, నాలాంటి వైద్యుడు రాత్రి పదకొండింటికి ఆ చిట్టా తెరిచి, ఇలాంటి మనిషిని ఇంతకుముందు ఎవరైనా చూశారా అని వెతుకుతాడు. చూశారని తెలిస్తే రోగికి కలిగే ఊరట మందుతో వచ్చేది కాదు.

చిట్టాతో పాటు పటం కూడా కావాలని మెక్యూసిక్ కోరిక. 1968లో ఆయన దగ్గర చదువుతున్న రోజర్ డోనహ్యూ తన సొంత కణాలను చూస్తూ 1వ క్రోమోజోమ్‌లో ఒక వింత ఆకారాన్ని గమనించాడు. తన బంధువులలో దాని సంక్రమణను, డఫీ అనే రక్తవర్గపు సంక్రమణను పక్కపక్కన పెట్టి పోల్చి, ఆ రక్తవర్గపు జన్యువు 1వ క్రోమోజోమ్ మీద ఉందని నిరూపించాడు. లింగ నిర్ణయంతో సంబంధం లేని క్రోమోజోమ్ మీద చోటు దొరికిన మొదటి మానవ జన్యువు అదే. ఆ మరుసటి ఏడాది, మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన కొద్ది వారాలకు, హేగ్ నగరంలో జరిగిన సభలో మెక్యూసిక్ మనిషి జన్యువులన్నిటికీ పటం గీయాలని ప్రతిపాదించాడు. అప్పట్లో అది చాలామందికి పగటికలలా తోచింది. 1988లో మానవ జీనోమ్ సంస్థ ఏర్పడినప్పుడు ఆయనే తొలి అధ్యక్షుడు.

చెప్పకుండా తీసిన నెత్తురు

ఇంతవరకూ చెప్పిన కథతోనే ముగిస్తే అది సన్మానపత్రం అవుతుంది. మరొక కుటుంబం సంగతి చెప్పకపోతే అన్యాయం.

హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి మహిళ 1951లో హాప్కిన్స్ ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె కణితి నుంచి ఆమెకు చెప్పకుండా తీసిన కణాలు ప్రయోగశాలలో చావులేకుండా పెరుగుతూ హీలా కణాలుగా ప్రపంచమంతా వ్యాపించాయి. అవి ఎంత చురుగ్గా పెరిగాయంటే, ఇతర కణాల సీసాల్లోకి కూడా చొరబడ్డాయి. 1966లో స్టాన్లీ గార్ట్లర్ ఈ సంగతి బయటపెట్టాక, ఎన్నో ప్రయోగాలలో వాడినవి అసలు ఏ కణాలో తెలియని గందరగోళం ఏర్పడింది. హెన్రియెటా భర్త, పిల్లల రక్తం పరీక్షిస్తే ఆమె జన్యు గుర్తులు తెలుస్తాయి, ఆ గుర్తులతో హీలాను వేరుచేయవచ్చు. 1973లో ఈ చర్చ వచ్చినప్పుడు, ఆ కుటుంబం హాప్కిన్స్‌కు తెలిసినవాళ్ళే కాబట్టి ఆ పని మెక్యూసిక్ విభాగం చేపట్టింది.

ఆయన దగ్గర పనిచేస్తున్న ఒక యువ పరిశోధకురాలు ఫోను చేసి, ఇంటికి వెళ్ళి, రక్తం తీసుకుంది. లాక్స్ కుటుంబానికి అర్థమైంది వేరు. తల్లిని చంపిన క్యాన్సర్ తమకూ ఉందేమోనని పరీక్ష చేస్తున్నారనుకున్నారు. ఫలితాలకోసం ఎదురుచూశారు. హెన్రియెటా కూతురు డెబొరా ఆ భయంతో ఏళ్ళు గడిపింది. తరవాత ఒకసారి రక్తం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు తల్లి గురించి అడిగితే, మెక్యూసిక్ ఆమెకు తన సంపాదకత్వంలో వచ్చిన జన్యుశాస్త్ర గ్రంథం ఒకటి సంతకం చేసి ఇచ్చాడు. ఆ గ్రంథం చదివి అర్థం చేసుకోవడం ఆమెకు సాధ్యం కాదు. 1976లో ఆ కుటుంబపు జన్యు గుర్తులు ఒక ప్రసిద్ధ పత్రికలో అచ్చయ్యాయి.

రెబెకా స్క్లూట్ 2010లో ప్రచురించిన పుస్తకం వల్ల ఈ వివరాలు లోకానికి తెలిశాయి. ఆమె అడిగినప్పుడు, విడమరచి చెప్పే ప్రయత్నమేదీ జరిగి ఉండకపోవచ్చని మెక్యూసిక్ ఒప్పుకున్నాడు. క్యాన్సర్ పరీక్ష అని మాత్రం ఎవరూ చెప్పి ఉండరన్నాడు. ఆ రెండో మాట నిజమే కావచ్చు. ఇంటికి వచ్చిన తెల్లకోటు మనిషి ఏమీ చెప్పకపోతే, ఆ ఖాళీని రోగి తన భయంతోనే నింపుకుంటాడని ముప్పై ఏళ్ళ వైద్యంలో నాకు తెలిసింది.

కాలం అలాంటిదని సర్దిచెప్పవచ్చు. పరిశోధనలో పాల్గొనే మనుషుల రక్షణకు అమెరికాలో చట్టం వచ్చింది 1974లో. కాని అమిష్ ఇళ్ళల్లో కూర్చుని మాట్లాడటానికి ఏ చట్టం అవసరం కాలేదు. అక్కడ వైద్యుడికి వంశావళి కావాలి, అది వాళ్ళ పుస్తకంలో, వాళ్ళ నోట ఉంది. అడగక తప్పదు. లాక్స్ ఇంటి నుంచి కావలసింది కొంచెం నెత్తురు మాత్రమే. దానికి మాటల అవసరం కనిపించలేదు. పేదరికం, చర్మపు రంగు ఈ తేడాలో పాత్ర వహించలేదని నేననుకోను. 2013లో హీలా కణాల పూర్తి జన్యుక్రమాన్ని యూరప్ శాస్త్రవేత్తలు మళ్ళీ ఆ కుటుంబాన్ని అడగకుండానే ప్రచురించారు. ఆ గొడవ తరవాత గాని, ఆ సమాచారం ఎవరికివ్వాలో నిర్ణయించే సంఘంలో లాక్స్ కుటుంబీకులకు చోటు దక్కలేదు. మెక్యూసిక్ అది చూడలేదు. 2008 ఏప్రిల్‌లో జపాన్ ప్రైజ్ అందుకుని, ఆ జూలై 22న బాల్టిమోర్ దగ్గర కన్నుమూశాడు.

మన ఇళ్ళ లెక్క

అమిష్‌ల కథ చదివిన తెలుగువాడికి మేనరికాలు గుర్తుకు రావడం సహజం. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళ వల్ల అంతర్గత వ్యాధుల అవకాశం పెరుగుతుందన్నది నిజం. అయితే అసలు సంగతి అంతటితో ఆగదు. మేనరికం చేసుకోకపోయినా, వందల ఏళ్ళుగా ఒకే కులంలో పెళ్ళిళ్ళు చేసుకునే సమాజంలో భార్యాభర్తలు లాంకస్టర్ దంపతుల్లాగే తెలియకుండా బంధువులు కావచ్చు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు పాల్గొని 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాలలో 81 సమూహాల మీద మూలపురుష ప్రభావం ఫిన్‌లాండ్ ప్రజల కన్నా, అష్కెనాజీ యూదుల కన్నా బలంగా కనిపించింది. వాటిలో పది లక్షలకు పైగా జనాభా ఉన్న సమూహాలు కూడా ఉన్నాయి.

ఆ అధ్యయనం ఉదాహరణగా చూపిన వాటిలో మన వైశ్య సమాజం ఒకటి. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వీరిలో ఇతరుల కన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. మామూలు జీవితంలో ఈ లోపం వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. కాని శస్త్రచికిత్స బల్ల మీద మత్తు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే సక్సినిల్‌కోలిన్ అనే మందును విరగ్గొట్టేది ఆ ఎంజైమే. అది లేనివాళ్ళలో కొద్ది నిమిషాల్లో దిగిపోవలసిన మందు గంటల తరబడి దిగదు. రోగి తనంత తాను ఊపిరి తీయలేడు. ముందే తెలిస్తే మరో మందు వాడతారు, కథ అక్కడితో సరి. తెలియకపోతే వెంటిలేటరు, భయం, కొన్ని చోట్ల ప్రాణాపాయం. దీన్ని తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. “మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తరవాత మెలకువ రావడం ఆలస్యమైందా?” అన్న ప్రశ్న, దానికి నిజమైన జవాబు ఉంటే చాలావరకు చాలు.

ఆ జవాబు ఎందుకు రాదో మనకు తెలుసు. విదేశాలలో స్థిరపడ్డ మన కుటుంబాలలో కూడా సంబంధాల వేళకు రోగాల మాట గుమ్మం లోపలే ఉండిపోతుంది. ఆ భయాన్ని నేను తేలిక చేయను. ఒక కులం పేరు, ఒక జబ్బు పేరు పక్కపక్కన అచ్చయితే ఎవరి నోట ఎలా పలుకుతుందో చెప్పలేం. పరిశోధకుడికి అది పద్దు, పెళ్ళికావలసిన పిల్లకు అది మచ్చ. అందుకే రాసుకోవడం ఎంత అవసరమో, ఎవరి అనుమతితో రాస్తున్నాం, ఎవరికి చూపిస్తాం అన్నది కూడా అంతే అవసరం. మెక్యూసిక్ జీవితంలో అమిష్ ఇళ్ళనూ లాక్స్ ఇంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇదే.

కిందటేడు ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. అమ్మమ్మ దాటవేసిన ఆ తమ్ముడి దగ్గరకు వచ్చేసరికి అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత తనే చెప్పింది. చిన్న మామయ్యకు పద్దెనిమిదేళ్ళ వయసులో నడక తడబడటం మొదలైందట, ముప్పై దాటేసరికి మంచం పట్టాడట, మాట కూడా ముద్దయిపోయిందట. ఆ లక్షణాలకు తగిన పద్దులు చిట్టాలో చాలానే ఉన్నాయి. ఒక పేరు ఖాయం చేసేంత వివరం నా దగ్గర లేదు. ఆయన పేరు రాయవచ్చా అని అడిగాను.

“రాసుకో,” అంది అమ్మ. “ఎవరికి చూపిస్తావో మాత్రం ముందు నాకు చెప్పు.”

ఆ కాగితం నా దగ్గర ఉంది. మా పిల్లలకు చూపించాను. ఇక్కడ ఈ నాలుగు మాటలు రాసేముందు అమ్మకు ఫోను చేసి అడిగాను.